పెద్దవాళ్ళ చేతిలో డబ్బు

(‘కారా మాస్టారు’ కాళీపట్నం రామారావు స్మృతిలో చేసిన ఉపన్యాసం పాఠం)

కారా మాస్టారు విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో 31 ఏళ్ళు పాఠాలు చెప్పి 1979లో రిటైరయ్యారు. ఆ తర్వాత 42 ఏళ్ళు బతికారు. లావేరు మండలం మురపాకలో 1924 నవంబరు 9న పుట్టిన ఆయన 2021 జూన్ 4న కన్నుమూసే నాటికి 96 నిండాయి. ఉద్యోగం చేసిన కాలం కంటే ఉద్యోగం మానేసిన కాలమే ఎక్కువ. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగు కథలన్నీ ఒక్కచోట దొరకాలన్న పట్టుదలతో పురస్కారాల సొమ్ము పెట్టి, స్నేహితుల సాయం కూడగట్టి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అప్పటికాయనకు 72 ఏళ్ళు.

డెబ్భై రెండేళ్ళ తండ్రి తనకొచ్చిన డబ్బుతో పాత పత్రికలు పోగుచేస్తానంటే మామూలు ఇళ్ళల్లో ఏమంటారో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కథానిలయం గొప్పదనం గురించి మాట్లాడినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ ఉపన్యాసానికి కావలసింది అందులో చిన్న సంగతి: ఆ వయసులో ఆ డబ్బు ఆయన చేతిలో ఉంది, దాన్ని ఎటు ఖర్చుపెట్టాలో ఆయనే నిర్ణయించుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెద్ద వయసు మనుషుల తిండి, మందులు, బంధుత్వాలు చాలామటుకు ఈ ఒక్క సంగతి మీదే నడుస్తున్నాయి. ఎంత డబ్బు వస్తోందన్న దానికంటే అది ఎవరి చేతిలో ఉంటోందన్నదే ఇంట్లో వాళ్ళ స్థానాన్ని తేలుస్తోంది.

ఈ ప్రాంతపు సాహిత్యం దీన్ని ఎప్పుడో పట్టుకుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో ముసలి లుబ్ధావధాన్లు దగ్గర డబ్బుంది కాబట్టే నాటకం నడుస్తుంది. పెళ్ళి కుదిర్చేవాళ్ళు, చెడగొట్టేవాళ్ళు, వైద్యం పేరు చెప్పేవాళ్ళు, కోర్టు పేరు చెప్పేవాళ్ళు అందరూ ఆ ముసలాయన మూట చుట్టూనే తిరుగుతారు. కారా మాస్టారి ‘యజ్ఞం’ కథలో అప్పల్రాముడి దగ్గర ఉన్నది డబ్బు కాదు, అప్పు. ఊరి పెద్దల ముందు ఆ ముసలివాడు అప్పు ఒప్పుకుని కాగితం రాయడానికి సిద్ధపడితే, అది తన బిడ్డ మెడకు చుట్టుకోకూడదని కొడుకు సీతారాముడు ఆ బిడ్డనే చంపుకుంటాడు. ఒక ముసలివాడి మూట, ఇంకో ముసలివాడి బాకీ. ఇద్దరి లెక్కలూ ఊరంతా చూసింది గాని వాళ్ళిద్దరికీ ఏం కావాలని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇప్పుడు ఆ లెక్క ప్రతి నెలా ఒకటో తారీకున తేలుతుంది. కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ పథకం మొదలుపెట్టినప్పుడు దిక్కులేని ముసలివాళ్ళకు ఇచ్చింది నెలకు 75 రూపాయలు. రాష్ట్రంలో 200 ఉన్న పింఛను 2014 అక్టోబరులో 1,000 అయింది. 2019 ఎన్నికల ముందు 2,000కు చేరి, ఎన్నికలు కాగానే 2,250 అయింది. అర్హత వయసు 65 నుంచి 60కి తగ్గింది కూడా అప్పుడే. 2024 జనవరికి 3,000, ఆ జులైకి 4,000. ఆ జులై 1న అంతకు ముందు మూడు నెలల బకాయితో కలిపి 7,000 ఒకేసారి చేతికొచ్చింది. 2014 నుంచి జరిగిన ఈ పెంపులన్నిటిలోనూ కేంద్రం వాటా మాత్రం 80 ఏళ్ళ లోపువాళ్ళకు 200 దగ్గరే ఉండిపోయింది. మిగతాది రాష్ట్రం పెంచిందే, అదీ ఎన్నికల రుతువుల్లోనే ఎక్కువగా పెంచింది. దాన్ని తప్పుపట్టేవాళ్ళు పట్టవచ్చు. ఓటు కోసమైనా సరే, ముసలమ్మ గురించి లెక్కవేసుకున్నవాళ్ళు ఊళ్ళో వేరే ఎవరున్నారు?

మొత్తం కంటే కూడా అది అందే తీరులో తేడా ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు ఇంటి గుమ్మంలోకి వచ్చి నోట్లు చేతిలో పెట్టారు. 2024 ఎన్నికలప్పుడు వాళ్ళను పక్కన పెట్టేసరికి ఏప్రిల్లో సచివాలయాల దగ్గర, మేలో బ్యాంకుల దగ్గర ముసలివాళ్ళు ఎండలో నిలబడాల్సి వచ్చింది. జులై నుంచి సచివాలయ సిబ్బంది మళ్ళీ ఇంటికే తెస్తున్నారు. మేలో చాలామందికి డబ్బు ఖాతాలో పడింది. పట్నం చదువరులకు ఖాతాలో పడ్డ డబ్బు భద్రంగా కనిపిస్తుంది. పల్లెలో పాస్‌బుక్కు కొడుకు పెట్టెలో ఉంటుంది, ఏటీఎం కార్డు మనవడి జేబులో ఉంటుంది, ఫోనుకొచ్చే మెసేజి కోడలు చదువుతుంది. గుమ్మం ముందు నలుగురూ చూస్తుండగా చేతిలో పడ్డ నోట్లు మాత్రం ఆ ముసలమ్మవే. కొంగున ముడేసుకున్నాక అందులోంచి ఎవరికెంత ఇవ్వాలో ఆవిడే చెబుతుంది. గుంటడికి ఫీజు, కిరాణా కొట్టు బాకీ, బీపీ మాత్రలు, చుట్టలు. ఇచ్చే చెయ్యి అయ్యాక ఇంట్లో పిలుపు కూడా మారుతుంది. ఒకటో తారీకు పొద్దున్న కాఫీ వేడిగా వస్తుందని ఊళ్ళో నవ్వుకుంటారు. నవ్వులో కొంత నిజముంది.

పింఛను ఇచ్చేముందు తీసుకునే వేలిముద్రల గోల కొంతకాలం చాలా బాధపెట్టింది. జీవితమంతా నారు పీకి, పిడకలు కొట్టి, వల లాగి అరిగిపోయిన వేళ్ళను యంత్రం గుర్తుపట్టదు. ముఖం చూసి, కంటిపాప చూసి గుర్తించే పద్ధతులు వచ్చాక కాస్త తెరిపి దొరికింది. ఇంకో చిక్కు ఉంది. మామూలుగా ఒక కార్డుకు ఒకటే వృద్ధాప్య పింఛను. అందుకని ఒకే పొయ్యి మీద వండుకు తింటూ కాగితం మీద మాత్రం కార్డులు వేరు చేయించుకున్న కుటుంబాలున్నాయి. మొగుడికి వస్తుంటే పెళ్ళానికి రాదు. ఇక్కడ ఆడవాళ్ళ సంఖ్య ఎక్కువన్నది గుర్తుపెట్టుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్ళకు శ్రీకాకుళంలో 1,015, విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్ళు. మగవాళ్ళు వలస వెళతారు, ముందే చనిపోతారు కూడా. భర్త పోయిన ఇంట్లో భార్యకు పింఛను మంజూరయ్యే దాకా నెలలు గడిచేవి. 2024 చివర్లో ఆ మరుసటి నెల నుంచే ఇచ్చేలా మార్చారు. పెద్దగా ఎవరూ పట్టించుకోని ఆ చిన్న ఉత్తర్వు ఇక్కడి వితంతువులకు చేసిన మేలు ఎక్కువే.

పింఛను రాకముందు నుంచీ తన డబ్బు తాను సంపాదించుకునే ముసలమ్మలు పొందూరులో ఉన్నారు. ఆ ఊరి సన్నఖాదీకి దారం తీసేవాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళిన ఆడవాళ్ళే. కొండపత్తి గింజల్ని వేరుచేసేముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ పళ్ళ మధ్య నుంచి వచ్చిన దూదికి వచ్చే నునుపు ఏ మిల్లులోనూ రాదని వాళ్ళ నమ్మకం. తర్వాత ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు దారం దాకా తీస్తారు. 1949లో ఏర్పడిన ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఆ దారాన్ని కొంటుంది. పొందూరు పంచె కట్టుకుని సభలకు వెళ్ళే పెద్దమనుషులు చెల్లించే ధరలో ఆ చేతులకు చేరేది తక్కువ. రోజంతా కూర్చున్నా నడుం నొప్పి మందులకు చాలని కూలి కాబట్టే వాళ్ళ కూతుళ్ళు ఆ పనిలోకి రాలేదు. అయినా ఆ ముసలివాళ్ళు రాట్నం వదలరు. పింఛను డబ్బు ఇంట్లో కలిసిపోతుంది గాని, రాట్నం డబ్బు అడిగేవాళ్ళుండరు. పనివల్ల ఇంకో లాభం, నాలుగు రాట్నాలు ఒక వసారాలో చేరితే పొద్దుగూకేదాకా మాటలకు కరువుండదు. వాళ్ళకు ముందు పోయేది చూపు. శుక్లం ముదిరిన కంటికి నూరో నంబరు పోగు కనిపించదు. కంటి ఆపరేషను పొందూరులో ఆరోగ్య విషయమే కాదు, జీతం విషయం కూడా.

నెల్లిమర్ల జనపనార మిల్లులో చేసి దిగిపోయినవాళ్ళ కథ వేరు. భవిష్యనిధి పింఛను పథకం కింద వాళ్ళలాంటి కార్మికులకు కనీసం 1,000 రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించారు, ఇన్నేళ్ళూ ఆ అంకె కదలలేదు. జీవితమంతా మిల్లు గేటు దాటి ఆ కనీసంతో సరిపెట్టుకునేవాడి కంటే ఎక్కడా లెక్కలో లేని కూలీకి ఇప్పుడు నాలుగు రెట్లు వస్తోంది.

రిటైరైన టీచర్లు, గుమాస్తాలు చేతిలో కాస్త మొత్తం ఉన్నవాళ్ళు. వాళ్ళ ప్రమాదం ఇంకోరకం. అగ్రిగోల్డు అనే డిపాజిట్ల కంపెనీలో డబ్బు పోగొట్టుకున్న లక్షలాది మందిలో ఈ జిల్లాల వాళ్ళున్నారు. కట్టించుకున్న ఏజెంటు పరాయివాడు కాదు. మేనల్లుడో, పాత శిష్యుడో, పక్కింటి అబ్బాయో. మొహమాటానికి కట్టారు. ప్రభుత్వం 2019లో 10,000 లోపు వాళ్ళకు, 2021లో 20,000 లోపు వాళ్ళకు తిరిగి చెల్లించింది. పెద్ద మొత్తాలు పెట్టినవాళ్ళు కోర్టుల వైపు చూస్తూ ముసలివాళ్ళయ్యారు. పోస్టాఫీసులో 60 దాటినవాళ్ళ పొదుపు పథకానికి 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం వడ్డీ ఇస్తున్నారు, 30 లక్షల దాకా వేసుకోవచ్చు. కాని పోస్టుమాస్టరు ఇంటికొచ్చి బతిమాలడు, మేనల్లుడు బతిమాలతాడు.

వలస మాట ఎత్తకుండా ఈ జిల్లాల్లో ఏ కుటుంబం గురించీ మాట్లాడలేం. తాతలు ‘రంగం’, అంటే రంగూను వెళ్ళారు. 1942లో జపాను బర్మాలోకి వచ్చినప్పుడు అడవుల్లో నడిచి తిరిగొచ్చిన వాళ్ళు కొందరు, రానివాళ్ళు కొందరు. తర్వాతి తరం ఖరగ్‌పూర్ రైల్వేకి, జంషెడ్‌పూర్‌కి వెళ్ళింది. ఇప్పటివాళ్ళు హైదరాబాదు కట్టుబడి పనులకు, చెన్నైకి, గుజరాతులో వేరావల్ రేవుకు వెళుతున్నారు. 2018 నవంబరులో వేరావల్ పడవల మీద ఉన్న శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశంలో తల్లిదండ్రులు 2020 జనవరి దాకా ఎదురుచూశారు. అన్నాళ్ళూ సంపాదించేవాడు లేని ఇళ్ళను నడిపింది పెద్దవాళ్ళే.

వలస వెళ్ళిన కొడుకు డబ్బు పంపిస్తాడు, ముసలివాళ్ళు ఆ డబ్బు మీద బతుకుతారు అన్నది పైకి కనిపించే లెక్క. లోపలి లెక్క తిరగబడి ఉంటుంది. కొడుకూ కోడలూ పిల్లల్ని ఇక్కడే వదిలి వెళతారు. బడికి పంపడం, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడం, కోటా బియ్యం తేవడం, జీడితోట కాపలా, దూడకు గడ్డి, అన్నీ అరవై దాటినవాళ్ళ మీదే. ఈ పనికి పట్నంలో ఆయాను పెడితే నెలకెంతవుతుందో లెక్కగట్టి చూస్తే 4,000 పింఛను చిన్నదైపోతుంది. ముసలివాళ్ళు ఇంటికి భారమన్న మాట ఈ ఊళ్ళల్లో అన్యాయమైన మాట. భారం మోస్తున్నది వాళ్ళు.

కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళినా మొన్నమొన్నటి దాకా నిలవడానికి లేదు. ఒకటో తారీకుకు ఊళ్ళో లేకపోతే ఆ నెల పింఛను పోయినట్టే. అందుకని విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో నెలాఖరుకు ఆమదాలవలస చేరే ముసలివాళ్ళు ఉండేవారు. 2024 చివర్లో, రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇచ్చే ఏర్పాటు చేశారు. ఇప్పుడు మనవల దగ్గర రెండు నెలలు ఉండవచ్చు. ఉంటారా అంటే అనుమానమే. మూడో అంతస్తు గదిలో తలుపేసుకుని టీవీ చూస్తూ కూర్చోవడం కంటే రచ్చబండ నయమని నాలుగో రోజుకే సంచి సర్దేవాళ్ళు ఎక్కువ. పైడితల్లమ్మ సిరిమానుకూ సంక్రాంతికీ పిల్లలే వస్తారు కదా అంటారు.

ఇక ఒళ్ళు. పై ఖర్చుల లెక్కలో చుట్టలు కూడా ఉన్నాయి. ఇక్కడి ఆడవాళ్ళ అడ్డపొగ ప్రపంచ వైద్య గ్రంథాలకు ఎక్కింది. వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. సముద్రపు గాలికి ఆరిపోదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ వైద్యుడు భారతీయ సహచరులతో కలిసి శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించాడు. వాళ్ళలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. మిగతా ప్రపంచంలో అరుదైన అంగిలి కేన్సరు ఇక్కడ కనిపించడానికి కారణం ఆ వేడీ పొగా. ఇప్పటి కోడళ్ళు తాగరు. అలవాటున్న చివరి తరానికి వయసు మళ్ళింది. వాళ్ళ నోట్లో తెల్లమచ్చ ఉందో లేదో చూసేవాళ్ళు కావాలి. పింఛను పంచే సిబ్బంది ఇంటికి వెళుతున్నారు, ఆరోగ్య కార్యకర్తా అదే వీధిలో తిరుగుతుంది. ఇద్దరూ ఒకే రోజు వెళ్ళి నోరు తెరిపించి చూడటం అంత కష్టమైన పనేం కాదు.

ఉద్దానం సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు. తేలనిది కాబట్టి నీటి మీదా, ఎండలో పని మీదా, ఇంకా చాలావాటి మీదా అనుమానాలున్నాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ, హిరమండలం నుంచి తాగునీళ్ళు తెచ్చే 700 కోట్ల పథకమూ ప్రారంభమయ్యాయి. వృద్ధుల గురించి మాట్లాడుతూ ఈ జబ్బు ఎందుకంటే, ఇది పొలం పనిలో ఉన్న నడివయసు మగవాళ్ళను ఎక్కువగా పట్టుకుంటుంది. డయాలసిస్‌కు వెళ్ళే కొడుకు పక్కన సంచి పట్టుకుని కూర్చునేది అరవై దాటిన తండ్రి. డయాలసిస్ రోగికి నెలకు 10,000 పింఛను. ఆ ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది కొడుకు జబ్బు మీద వచ్చే పదివేలూ, తండ్రి వయసు మీద వచ్చే నాలుగువేలతోనే. దానికి తోడు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటి కాపు కోసం ఆగడానికి అరవై ఏళ్ళవాడికి ఎంత ఓపిక కావాలో ఊహించవచ్చు. నాటినవాళ్ళు ఉన్నారు.

చెవుడు గురించి ఒక్క మాట. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. 1911లో 48 ఏళ్ళకు ఉద్యోగం వదిలాక వ్యావహారిక భాషోద్యమం నడిపారు, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యేనాటికి ఆయనకు 75. వినపడని మనిషి ఒక భాషకు నిఘంటువు కట్టాడు. ఇవాళ చెవుడొచ్చిన తాతతో ఇంట్లో మాట్లాడటమే మానేస్తున్నారు, గట్టిగా చెప్పే ఓపిక లేక. వినికిడి యంత్రం కొనివ్వాలన్న ఆలోచన కళ్ళద్దాలంత మామూలుగా ఎవరికీ రావడం లేదు.

చివరిగా భూమి. ఒక నెల పింఛను పోయినా మరుసటి నెల వస్తుంది. రాసిచ్చిన ఎకరం తిరిగి రాదు. కూతురికి పసుపు కుంకుమ కింద కొంత, కొడుకులకు పంపకాలు. పంపకం అయ్యాక అమ్మానాన్నలకు వంతులు. పెద్దాడి దగ్గర నెల, చిన్నాడి దగ్గర నెల. కొన్ని ఇళ్ళల్లో అంతకంటే కఠినంగా, నాన్న ఒకడికి, అమ్మ ఇంకొకడికి. యాభై ఏళ్ళు కలిసి కాపురం చేసినవాళ్ళను రెండు వీధుల్లో విడిగా పడుకోబెట్టడం కంటే క్రూరమైన న్యాయం ఊరి పెద్దలు ఇంకేదీ చెయ్యలేరు. సమానంగా పంచామని మళ్ళీ సంతోషపడతారు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షను ఇందుకోసమే ఉంది. పోషించాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక పుచ్చుకున్నవాడు పోషించకపోతే, ఆ దస్తావేజును మోసంతో రాయించుకున్నట్టు భావించి రద్దు చెయ్యవచ్చు. చిక్కంతా ‘షరతు’ దగ్గరే. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక హర్యానా తల్లి కేసులో, దస్తావేజులో షరతు లేదు కాబట్టి ఈ సెక్షను వర్తించదంది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్ ఛతర్‌పూర్‌కు చెందిన తల్లి కేసులో, చట్టం ఉద్దేశం చూసి ఉదారంగా అర్థం చెప్పాలంటూ కొడుక్కిచ్చిన దానపత్రాన్ని రద్దు చేసి ఇల్లు తిరిగి ఇప్పించింది. ఆ తల్లి దగ్గర కొడుకు పోషిస్తానని రాసిచ్చిన వేరే కాగితం ఉంది. అప్పల్రాముడి ఊళ్ళో కాగితం ముసలివాడి మీద రాసేవారు, ఇక్కడ అదే కాగితం ముసలామెను నిలబెట్టింది. కన్నకొడుకు దగ్గర కాగితం రాయించుకోవడం ఏం మర్యాద అని బాధపడేవాళ్ళకు ఇంకో దారి ఉంది. దానపత్రం రిజిస్టరైన రోజే ఆస్తి చెయ్యి మారుతుంది. వీలునామా రాసినవాళ్ళు పోయాకే అమల్లోకొస్తుంది, బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. దస్తావేజు లేఖరి ఏది తేలికో అది రాస్తాడు, అడిగి రాయించుకోవాలి.

ఈ చట్టం కోడళ్ళను రోడ్డున పడెయ్యడానికి కాదన్నది కూడా చెప్పాలి. 2020 నాటి బెంగళూరు కేసులో, గృహహింస చట్టం కింద కోడలికి ఉన్న నివాసహక్కును దీని పేరుతో తోసెయ్యడానికి వీల్లేదని సుప్రీంకోర్టే అంది. కొడుకు మీద కోపం కోడలి మీద తీర్చుకునే అలవాటుకు అది అవసరమైన కళ్ళెం.

పోషణ ఖర్చుకు దరఖాస్తు తెల్లకాగితం మీద రాసి ఆర్డీవోకు ఇస్తే చాలు, ట్రిబ్యునల్‌కు అధ్యక్షుడు ఆయనే. చట్టంలో వకీలుకు చోటు లేదు. కొడుకులతో పాటు కూతుళ్ళ మీదా, పెద్దవాళ్ళైన మనవల మీదా బాధ్యత ఉంది. నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు. నోటీసు వెళ్ళిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. తీర్పు నచ్చని ముసలివాళ్ళకు కలెక్టరు స్థాయిలో అప్పీలుంది. వెళ్ళలేనివాళ్ళు ముందు 14567కు ఫోను చేసి అడగవచ్చు. శ్రీకాకుళం జిల్లాలో శ్రీకాకుళం, టెక్కలి, పలాస, విజయనగరం జిల్లాలో విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి ఆర్డీవో కార్యాలయాలు. మందస కొండ మీది సవర ముసలాయనకు పలాస దాకా దిగిరావడమే ఒక రోజు పని. నెలకొక రోజు ఆర్డీవోయే మండల కేంద్రంలో కూర్చుని ఈ దరఖాస్తులు వింటే, అప్పుడు ఎంతమంది వస్తారో చూడవచ్చు.